ఎడమ మలుపులోనే తోక తిప్పేస్తున్న టీటీ-02, ఇంకెంత డబ్బు పోయాలి?

రేణిగుంట_540
రెండు నెలలుగా నాకు నిద్ర లేదు, ఇంట్లోవాళ్ళకు మనశ్శాంతి లేదు. నా టీటీ-02కి, అదే రిమోట్‌తో నడిపే నా బుల్లి రేసు కారుకి, కుడి మలుపుల్లో ఏ గొడవా లేదు, కొంచెం బద్ధకంగా తిరుగుతుంది అంతే. ఎడమకు తిప్పితే మాత్రం తోక విసిరేసి గిర్రున తిరిగి, వచ్చిన దారినే చూస్తూ నిలబడుతుంది. దామలచెరువు దగ్గర మామిడి మండీ గచ్చు మీద మనం టేపు వేసి కట్టే ట్రాక్ తెలుసు కదా, అందులో కాటా పక్కన వచ్చే యూటర్న్ నాకు శనిలా తగులుకుంది. మొన్న ఆదివారం పది ల్యాపుల్లో ఏడుసార్లు అక్కడే. కాటా దిమ్మెకు కొట్టుకుని ముందు బంపర్ కూడా పోయింది.

ఇప్పటిదాకా మార్చినవి చెప్తాను. ప్లాస్టిక్ బుష్‌లు తీసేసి బేరింగులు, కిట్‌లో వచ్చే రాపిడి డ్యాంపర్లు తీసేసి ఆయిల్ షాక్‌లు, అల్యూమినియం స్టీరింగ్ సెట్, ముందూ వెనకా యాంటీ రోల్ బార్లు (మలుపులో కారు పక్కకు ఒరగకుండా కుడి ఎడమ చక్రాలను కలిపే కడ్డీలు), వెనక 2.5 డిగ్రీల టో ఇన్ అప్‌రైట్లు, 13.5 టర్న్ బ్రష్‌లెస్ మోటార్. అన్నీ కలిపి 32 వేలు దాటింది. అసలు కారు పాతది, 12 వేలకు కొన్నాను. ఇప్పుడు బెంగళూరులో కార్బన్ చాసిస్ బెల్టు కారు ఒకటి అమ్మకానికి ఉందట, దానికి అడ్వాన్స్ పంపమంటున్నారు. పంపాలా? లేక కాణిపాకం వెళ్ళి ప్రమాణం చేసి ఈ వ్యసనమే మానేయాలా?

తిరుచానూరు_టర్న్స్
అంతా చెప్పావు, టైర్ల గురించి మాత్రం ఒక్క ముక్క లేదు.

రేణిగుంట_540
36 కాంపౌండ్ రబ్బరువి. పోయిన దీపావళికి చెన్నైలో ఒకాయన దగ్గర రెండు సెట్లు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. అరుగుదల నాలుగింటికీ సమానంగానే ఉంది. రెండు రిమ్ములు విరిగి ఉంటే టైర్లు ఊడదీసి కొత్త రిమ్ములకు నేనే అతికించాను. టైర్లలో ఏం లోపం లేదు.

పాకాల_ప్యాసింజర్
జైరో పెట్టు, తోక తిరగబోతే స్టీరింగ్‌ను అదే సర్దుతుంది. అయిపోయింది.

చిత్తూరు_చిట్టి
కాలు విరిగినవాడికి కొత్త చెప్పులు కొనిచ్చినట్టుంది నీ సలహా. పైగా ఆదివారం రేసుల్లో జైరో వద్దని అందరం కూర్చుని అనుకున్నాం కదా.

పాకాల_ప్యాసింజర్
మీరు అనుకునేటప్పుడు నేను టీ తాగడానికి పోయినాను.

గచ్చు_గురువు
బెంగళూరుకు ఒక్క రూపాయి పంపొద్దు, ముందు ఇది చదువు.

సెటప్ తప్పైతే కారు రెండు వైపులా ఒకేలా ఏడుస్తుంది. వెనక స్ప్రింగు మరీ గట్టిగా ఉందనుకో, వెనక గ్రిప్ కుడికీ పోతుంది, ఎడమకీ పోతుంది. ఒకవైపే ఏడుస్తోందంటే కారు వంకరగా ఉంది. నీ మొదటి పోస్టులోనే జవాబు ఉంది, నువ్వే గమనించలేదు. ఎడమకు తోక తిప్పుతోంది, కుడికి బద్ధకంగా ఉంది అన్నావు. ఆ రెండూ వేర్వేరు జబ్బులు కావు. ఎడమ ముందు చక్రం, కుడి వెనక చక్రం, ఈ మూల నుంచి ఆ మూలకి ఉండే జత మీద బరువు ఎక్కువ పడితే సరిగ్గా ఇలాగే అవుతుంది. మంచానికి ఒక కోడు పొడుగైతే ఏమవుతుంది? రెండు కోళ్ళ మీదే బరువు నిలిచి, మిగతా రెండూ నేలకు ఆనీ ఆననట్టు ఉంటాయి. దీన్నే మనవాళ్ళు ట్వీక్ అంటారు.

ఇంట్లో చూసుకోవచ్చు, బోర్డు కొనక్కర్లేదు. బాడీ తీసెయ్, బ్యాటరీ మాత్రం లోపలే ఉండాలి. వంటగది గ్రానైట్ బండ మీద పెట్టు, లేదంటే కుప్పం వైపు ఏ కోత మిల్లులో అడిగినా పాలిష్ ముక్క ఒకటి ఇస్తారు. కారును రెండుసార్లు కిందికి నొక్కి వదులు, షాక్‌లు వాటంతట అవి కుదురుకోవాలి. స్కేలుతో కొలిచి చాసిస్ ముందు భాగం సరిగ్గా మధ్యలో పెన్నుతో గీత గీయి. ఆ గీత కింద చాకు మొన పెట్టి మెల్లగా పైకి లేపు. రెండు ముందు చక్రాలూ ఒకేసారి బండను వదలాలి. ఏది మొదట వదిలిందో చెప్పు. తర్వాత వెనకవైపు కూడా ఇదే.

మదనపల్లె_మోటార్
గురువు గారితో నేను ఒప్పుకోను. ఇది వెనక డిఫరెన్షియల్. ఆయిల్ కారిపోయి ఉంటుంది. నా కారుకు అచ్చం ఇలాగే అయింది, మళ్ళీ ఆయిల్ నింపాక సర్దుకుంది.

గచ్చు_గురువు
ఒక్కవైపే తిరిగేదా నీది?

మదనపల్లె_మోటార్
రెండువైపులా అనుకుంటా. సరిగ్గా గుర్తు లేదు.

గచ్చు_గురువు
డిఫరెన్షియల్‌కు కుడీ ఎడమా తెలియదు తమ్ముడూ. ఏ వైపు చక్రం వేగంగా తిరిగితే ఆ వైపు వదిలేస్తుంది. ఆయిల్ పల్చనైతే రెండు వైపులా పల్చనే.

చిత్తూరు_చిట్టి
ఒకవైపు గొడవ అంటే ఇంకో రెండు చూడాలి. స్టీరింగ్ ఎడమకు ఎక్కువ తిరుగుతోందేమో, ట్రాన్స్‌మిటర్‌లో ఎండ్ పాయింట్, అంటే స్టీరింగ్ ఎంతవరకు తిరగాలో ఆ హద్దు, ఎడమకూ కుడికీ విడిగా ఉంటుంది. గచ్చు మీద పూర్తిగా ఎడమకు తిప్పి పట్టుకుని ఒక వలయం కొట్టు, కుడికి ఒకటి కొట్టు, సుద్దతో గుర్తు పెట్టి రెండూ కొలువు. ఇంకొకటి బాడీ. కుడి వెనక టైరు బాడీ అంచుకు తగులుతుంటే లోపలి పెయింటు మీద నల్లటి చార పడి ఉంటుంది.

రేణిగుంట_540
బాడీ చూశాను, చార ఏమీ లేదు. వలయాలు రేపు కొలుస్తాను. రాత్రి బండ మీద పెట్టి లేపాను. మా ఆవిడ చపాతీ పిండి పక్కకు జరపాల్సి వచ్చింది, ఆ మాటలన్నీ ఇక్కడ రాయలేను. ముందువైపు లేపితే కుడి చక్రం మొదట వదిలేసింది. ఎడమది ఇంకా బండను పట్టుకునే ఉంది, తేడా ఒక మిల్లీమీటరు పైనే. వెనకవైపు లేపితే ఎడమది మొదట వదిలింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే.

గచ్చు_గురువు
అదీ లెక్క. ఎడమ ముందు, కుడి వెనక బరువు మోస్తున్నాయి. ఇప్పుడు ఎందుకు మోస్తున్నాయో వెతుకు.

నైట్రో_తాత
పిల్లలూ, మీకిప్పుడు ఇంతకంటే పెద్ద కష్టాలు లేవు. మా రోజుల్లో 27 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, కంట్రోలర్ ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేయాలో అదే చెప్పేది. ఇద్దరి క్రిస్టల్ ఒకటే అయితే ఒకడు స్విచ్ వేస్తే ఇంకొకడి కారు వెళ్ళి గోడకు కొట్టుకునేది. అందుకే బట్టల క్లిప్పుల మీద నంబర్లు రాసి బోర్డుకు తగిలించేవాళ్ళం. నీ నంబర్ క్లిప్పు నీ చేతిలో ఉంటేనే కంట్రోలర్ ఆన్ చేయాలి. ఒకసారి ఒక కుర్రాడు క్లిప్పు జేబులో పెట్టుకుని ఇంటికి పోయాడు, ఆ సాయంత్రమంతా ఆ నంబరువాళ్ళు ముగ్గురు కారు చంకలో పెట్టుకుని కూర్చున్నారు. ఇప్పుడంతా 2.4 గిగాహెర్ట్జ్, ఎవడి కారు వాడిది. ఎడమకు తిరిగిపోతే మీదే తప్పు, పక్కవాడి మీద తోయడానికి కూడా లేదు.

పాకాల_ప్యాసింజర్
తాతా, క్లిప్పు తీసుకెళ్ళిన ఆ కుర్రాడు మీరే కదా?

నైట్రో_తాత
నోర్ముయ్.

అలిపిరి_ఆర్సీ
ట్వీక్ అని తేలింది కాబట్టి ఇక అనుమానాలు మూడే. షాక్‌లు, యాంటీ రోల్ బారు, చాసిస్ మెలి తిరగడం. టీటీ-02 తొట్టి లాంటి ప్లాస్టిక్ చాసిస్, స్క్రూలు మరీ బిగిస్తే తప్ప మెలి తిరగదు. కాబట్టి మొదటి రెండూ చూడు.

మొదట రెండు బార్ల లింకులు, అంటే బారును ఆర్మ్‌లకు కలిపే చిన్న కడ్డీలు, నాలుగూ ఊడదీసి మళ్ళీ చాకుతో లేపి చూడు. సమంగా లేస్తే దొంగ బారే. లేవకపోతే షాక్. ఇలా చేస్తే సగం పని తగ్గుతుంది, అన్నీ ఒకేసారి విప్పి కూర్చుంటే ఏది దొంగో ఎప్పటికీ తెలియదు.

షాక్ అయితే ఇలా చూడాలి. నాలుగూ విప్పి, స్ప్రింగులు తీసేసి, కుడిదీ ఎడమదీ రాడ్డు మొనకు రాడ్డు మొన ఆనించి రెండు చేతులతో రెండు వైపుల నుంచీ నొక్కు. రెండూ సమానంగా లోపలికి పోవాలి. ఒకటి తొందరగా లొంగిపోతే దానిలో ఆయిల్ తక్కువ, లేదా గాలి ఉంది. నింపేటప్పుడు పిస్టన్‌ను మెల్లగా కిందికీ పైకీ ఆడించి పది నిమిషాలు నిలబెట్టాలి, బుడగలన్నీ పైకి వచ్చాకే మూత. మనవాళ్ళు చాలామందికి ఆ పది నిమిషాల ఓపిక ఉండదు. తర్వాత వెర్నియర్‌తో పొడవు కొలువు, కంటితో కాదు.

బారు అయితే దాన్ని గాజు పలక మీద పెట్టి రెండు చివరలూ ఆనుతున్నాయా చూడు. బండికి బిగించాక లింకులు లేకుండా వేలితో పైకెత్తి వదిలితే దాని బరువుకు అదే కింద పడాలి. ఎక్కడైనా ఆగిందంటే మౌంట్ స్క్రూ ఎక్కువ బిగించావని. లింకులు రెండూ ఒకే పొడవు ఉండాలి, ఇది చాలా ముఖ్యం. కుడి లింకు అర మిల్లీమీటరు పొడుగైనా చాలు, బారు మెలి తిరిగి కుడి ఆర్మ్‌ను రోజంతా కిందికి తోస్తూ ఉంటుంది.

మదనపల్లె_మోటార్
సరే, డిఫరెన్షియల్ కాదు. మరి మోటార్ సంగతి ఎవరూ అడగరేం? 13.5 టర్న్‌కు పినియన్ (మోటారుకు ఉండే చిన్న పళ్ళ చక్రం) ఎంత? నాకు తెలిసి దీనికి స్పీడే చాలదు, 25 పినియన్ వేసేయ్.

రేణిగుంట_540
కిట్ గేరింగే. 70 పళ్ళ స్పర్ (పినియన్ తిప్పే పెద్ద చక్రం), 22 పళ్ళ పినియన్.

కరెంటు_కవిత
అదే ఉంచు. 70ని 22తో భాగించి, లోపలి నిష్పత్తి 2.6తో గుణిస్తే 8.27 వస్తుంది. చక్రం చుట్టుకొలత సుమారు 201 మిల్లీమీటర్లు అనుకుంటే మోటార్ ఒక చుట్టుకు కారు 24 మిల్లీమీటర్లు కదులుతుంది. 25 పినియన్ వేస్తే 7.28, అంటే చుట్టుకు 27 మిల్లీమీటర్ల పైన. వినడానికి బాగుంటుంది. కానీ మన మండీలో నేరు దారి 25 మీటర్లు కూడా లేదు, మధ్యాహ్నం 38 డిగ్రీల ఎండ. ఐదు నిమిషాల తర్వాత మోటార్ మీద చేయి పెట్టగలవా? పోయిన నెల మదనపల్లె తమ్ముడి మోటార్ 96 చూపించింది, నేనే కొలిచాను. 80 దాటితే లోపలి అయస్కాంతం బలం తగ్గిపోయే ప్రమాదం ఉంది, ఆ పోయింది మళ్ళీ రాదు. మీ మదనపల్లెలో చల్లగా ఉంటుందని దామలచెరువులో కూడా ఉంటుందా?

మదనపల్లె_మోటార్
అక్కా, అది ఫ్యాన్ వైరు ఊడిపోయిన రోజు.

కరెంటు_కవిత
ఆ వైరు ప్రతివారం ఊడిపోతుంది నీకు.

రేణిగుంట_540
వలయాల సంగతి ముందు. ఎడమకు 1.52 మీటర్లు, కుడికి 1.54. అంటే స్టీరింగ్ తప్పు కాదు.

ఇక లింకులు నాలుగూ తీసి లేపాను. రెండు చక్రాలూ దాదాపు ఒకేసారి లేచాయి! ముందు బారు లింకులు తగిలించాను, సమంగానే ఉంది. వెనకవి తగిలించగానే మళ్ళీ వంకర. వెర్నియర్ పెట్టి కొలిస్తే వెనక కుడి లింకు ఎడమ దానికంటే 0.8 మిల్లీమీటరు పొడుగు. లింకు చివరి బాల్ కప్పు ఒకటిన్నర చుట్టు తక్కువ తిప్పినట్టున్నాను. దానికి తోడు మౌంట్ స్క్రూ ఒకటి బిగుసుకుపోయి, బారు వేలితో ఎత్తితే గాల్లోనే నిలబడిపోయింది.  1600 రూపాయలు పోసి కొన్న బారు నా కారును రెండు నెలలు వంకరగా నడిపించింది.

అలిపిరి_ఆర్సీ
బారు తప్పు కాదు, బిగించిన చేతిది.

చిత్తూరు_చిట్టి
బెంగళూరు అడ్వాన్స్ డబ్బులు మిగిలాయి. ఆదివారం అందరికీ సంగటి, నాటుకోడి.

రేణిగుంట_540
ముందు ట్రాక్ మీద చూసుకోనీ అన్నా. బుధవారం సెలవు పెట్టి వెళ్తాను.

తిరుచానూరు_టర్న్స్
మండీకి పోతున్నావు కదా, గచ్చు ఎట్లుందో చూసి చెప్పు. పోయిన వారం చిట్టి అన్న చల్లిన బెల్లం నీళ్ళు ఇంకా అంటుకుంటున్నాయా, దుమ్ము పట్టేసిందా?

పాకాల_ప్యాసింజర్
బెల్లం నీళ్ళా? ఆ రోజు నేను రాలేదు. నిజంగానా?

చిత్తూరు_చిట్టి
అందులో నవ్వేదేముంది. బయటి దేశాల్లో తారు ట్రాకుల మీద చక్కెర నీళ్ళు చల్లుతారు, ఎండిపోయాక పలుచటి పొర మిగిలి రబ్బరు టైరుకు పట్టు దొరుకుతుంది. చిత్తూరు వాడు చక్కెర కొంటాడా? మా మామయ్య గానుగ దగ్గర అచ్చుకు రాని బెల్లం పొడి ఊరికే దొరికింది. బకెట్టు నీళ్ళకు కిలో లెక్కన కలిపి, పాత చీర గుడ్డతో వడగట్టి, మొక్కలకు మందు కొట్టే స్ప్రేయర్‌తో రేసింగ్ లైన్ మీద మాత్రం కొట్టాను. వడగట్టకపోతే నాజిల్ మూసుకుపోతుంది, మొదటిసారి అదే చేశాను. ఎండిన అరగంటకు నడిస్తే చెప్పు చప్ చప్ మని లేవాలి, అంతకంటే అంటుకుంటే నీళ్ళు ఎక్కువ పోయాలి.

అలిపిరి_ఆర్సీ
గ్రిప్ వచ్చింది, ఒప్పుకుంటాను. అంత గ్రిప్ వచ్చాక నా కారు మలుపులో పల్టీ కొట్టింది, అది కూడా రాయి. జారే గచ్చుకు సెట్ చేసుకున్న బండిని అంటుకునే గచ్చు మీద అలాగే దింపితే వెల్లకిలా పడుతుంది. రైడ్ హైట్ (నేల నుంచి చాసిస్ ఎత్తు) 6 నుంచి 5 మిల్లీమీటర్లకు దించి, ముందు టైరు బయటి అంచుకు సన్నగా గ్లూ పూసుకుని పట్టు తగ్గిస్తే గానీ నిలబడలేదు.

కరెంటు_కవిత
చీమల సంగతి ఎవరు చెప్తారు?

చిత్తూరు_చిట్టి
సాయంత్రానికి వచ్చాయి. ఎర్రవి. రేసింగ్ లైన్ అచ్చంగా కనబడేలా బారు కట్టాయి, టేపు కూడా అక్కర్లేకపోయింది.

తిరుచానూరు_టర్న్స్
కాపలా ఆయన మేక రెండో మలుపు మొత్తం నాకేసిందట. అందుకే అక్కడ జారుతోందని నేను మొదటి నుంచీ చెప్తున్నాను, ఎవరూ నమ్మలేదు.

గచ్చు_గురువు
ఏప్రిల్ చివరికి కాయలు దిగడం మొదలవుతుంది, అప్పుడు మండీ మనకు ఇవ్వరు. జూలై దాకా ఎక్కడ ఆడాలో కూడా ఎవరైనా ఆలోచించండి. తోతాపురి రసం పడి ఎండిన గచ్చు దొరికితే బెల్లం కూడా అక్కర్లేదు అనుకోండి, కానీ లారీల మధ్య ఆడలేం.

రేణిగుంట_540
బుధవారం రిపోర్టు. మేక ఇంకా అక్కడే ఉంది.

కారు మారిపోయింది. మొదటి మూడు ల్యాపులు కాటా యూటర్న్‌లో ఒక్కసారి కూడా తిరగలేదు, కుడి మలుపుల్లో ఆ బద్ధకం కూడా పోయింది. నేను ఎగిరి గంతేశాను. నాలుగో ల్యాపులో మళ్ళీ తోక తిప్పింది. ఐదో ల్యాపులో మళ్ళీ. ఆపి పది నిమిషాలు నీడలో పెట్టి వదిలితే మళ్ళీ మూడు ల్యాపులు బాగుంది, మళ్ళీ నాలుగో దాంట్లో మొదలు. ఎడమకే. ట్వీక్ మళ్ళీ చూశాను, సమంగా ఉంది. ఇప్పుడేంటి? బ్యాటరీ వేడెక్కుతోందా? షాక్ ఆయిలా?

మదనపల్లె_మోటార్
డిఫరెన్షియల్.

గచ్చు_గురువు
షాక్‌లో ఎన్నో నంబరు ఆయిల్?

రేణిగుంట_540
350.

గచ్చు_గురువు
మన ఎండకు పల్చన. సిలికాన్ ఆయిల్ వేడికి ఇంకా పల్చబడుతుంది, నేను మార్చి నుంచి 450 వేస్తాను. కానీ అది కూడా రెండు వైపులా ఒకటే కదా. నాకూ అర్థం కావట్లేదు.

తిరుచానూరు_టర్న్స్
నేను రెండో పోస్టులో అడిగింది ఎవరికైనా గుర్తుందా?

కరెంటు_కవిత
నాకు గుర్తుంది. నువ్వు "రెండు రిమ్ములకు నేనే అతికించాను" అన్నావు కదా, ఆ రెండు టైర్లూ ఇప్పుడు బండికి ఎక్కడ ఉన్నాయి?

రేణిగుంట_540
ఒకటి ముందు ఎడమ. ఒకటి వెనక కుడి.

కరెంటు_కవిత
వెనక కుడి చక్రం విప్పి చేతిలో పట్టుకో. బొటనవేలితో టైరు పక్క గోడను రిమ్ము నుంచి లోపలికి తోస్తూ, చుట్టూ ఒక్కో అంగుళం చొప్పున తిప్పుకుంటూ పో. తొందరపడొద్దు. అతుకు ఊడిన చోట సన్నటి నోరు తెరుచుకుంటుంది. బండికి ఉన్నప్పుడు, ఊరికే చూసినప్పుడు అది కనబడదు, మూసుకునే ఉంటుంది. ఎడమ మలుపులో బరువంతా బయటి చక్రం మీద, అంటే కుడి వెనక దాని మీద పడుతుంది. రబ్బరు నేలను పట్టుకుంటుంది, రిమ్ము బయటికి జరుగుతుంది, టైరు రిమ్ము మీద పక్కకు ఒరిగిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉండి ఓర్చుకుంటుంది, నాలుగు ల్యాపులకు వేడెక్కి మెత్తబడ్డాక ఓర్చుకోదు. నా కారుకు పోయిన ఏడాది అచ్చం ఇదే అయింది. నేను మూడు వారాలు స్ప్రింగులు మార్చుకుంటూ కూర్చున్నాను, ఆ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

రేణిగుంట_540
దొరికింది.

బయటివైపు, వాల్వు రంధ్రంలా కనబడే ఆ చిన్న గాలి కన్నం పక్కన. మొదటి చుట్టులో నాకు తెలియలేదు, రెండో చుట్టులో వేలు నొక్కితే చేప నోరులా తెరుచుకుంది. సుమారు నాలుగు సెంటీమీటర్లు. లోపల పసుపు రంగు స్పాంజి ఇన్సర్టు కనబడుతోంది, దాని మీద దామలచెరువు దుమ్ము, ఒక ఎండిపోయిన చీమ.

చిత్తూరు_చిట్టి
మా బెల్లం చీమే. నాకు తిరిగి ఇచ్చెయ్.

తిరుచానూరు_టర్న్స్
రెండో పోస్టు. నేను రాసిందే. ఊరికే చెప్తున్నా.

గచ్చు_గురువు
ఒప్పుకుంటున్నాను టర్న్స్. ట్వీక్ నేను చెప్పాను, టైరు నువ్వు చెప్పావు, సగం సగం.

రేణిగుంట_540
మళ్ళీ ఎలా అతికించాలో కూడా చెప్పండి. పోయినసారి గ్లూ పోసి గట్టిగా నొక్కి పట్టుకున్నాను, అంతే.

కరెంటు_కవిత
రిమ్ము అంచు గాడిలో పాత గ్లూ పొర మొత్తం గీకి తీసెయ్, దాని మీద కొత్తది నిలవదు. తర్వాత ఉప్పు కాగితంతో గాడిని కొంచెం గరుకు చెయ్. టైరు లోపలి అంచును స్పిరిట్‌తో తుడువు, టైరు తయారైనప్పటి నూనె, నీ వేళ్ళ జిడ్డు రెండూ పోవాలి. అన్నం తిన్న చేత్తో ముట్టుకోవద్దు. తడి పూర్తిగా ఆరాక టైరు ఎక్కించి, వంకర లేకుండా కూర్చుందా చూసి, చుట్టూ వెడల్పు రబ్బరు బ్యాండు వెయ్. నీళ్ళలా ఉండే పల్చటి గ్లూ వాడు, చిక్కటిది వద్దు. అంచును వేలితో కొంచెం తెరిచి ఒక్క చుక్క వదిలితే అదే సందులోకి పాకిపోతుంది. ముందు నాలుగు దిక్కుల్లో నాలుగు చుక్కలు, ఆరాక మధ్యలో. ఒక పక్క పూర్తయ్యాక అరగంట ఆగి రెండో పక్క. కళ్ళద్దాలు పెట్టుకుని చెయ్, ఆ పొగ కళ్ళకు మంట. ముందు ఎడమ దాన్ని కూడా ఇప్పుడే నొక్కి చూడు, నువ్వే అతికించావు కాబట్టి.

రేణిగుంట_540
ముందు ఎడమది కూడా రెండు సెంటీమీటర్లు ఊడింది అక్కా. రెండూ విప్పేశాను.

పాకాల_ప్యాసింజర్
నావి చెన్నై ఆయన అతికించినవే, అయినా ఒకసారి నొక్కి చూశాను. మూడు ఊడి ఉన్నాయి. ఇన్నాళ్ళూ నేను జైరో పెట్టుకుని దాంతోనే తిరుగుతున్నాను.

చిత్తూరు_చిట్టి
జైరో పెట్టుకునా?!

పాకాల_ప్యాసింజర్
ఇంట్లో. ఇంట్లో పెట్టుకుని. వరండాలో.

నైట్రో_తాత
ఆదివారం వీడి రిసీవర్ నేనే విప్పి చూస్తాను.

గచ్చు_గురువు
ఆదివారం పొద్దున ఆరున్నరకే మొదలు, పదకొండుకల్లా ముగించేద్దాం, ఆ తర్వాత ఎండ ఆగదు. లైపో బ్యాటరీలు డిక్కీలో పెట్టి ఎండలో వదలొద్దు, తిరుచానూరు రోడ్డులో ఒక తమ్ముడి బ్యాటరీ మధ్యాహ్నానికి పూరీలా ఉబ్బింది. చార్జింగ్ మట్టి కుండలో పెట్టే చేద్దాం, కుండ నేను తెస్తాను. ఆడకుండా మిగిలినవి ఇంటికి పోయాక సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర దాచుకోండి, నిండా 4.2 చార్జి పెట్టి నెల రోజులు బీరువాలో పడేయకండి. ల్యాపులు లెక్కపెట్టడానికి ఎవరి పిల్లలు వస్తున్నారు?

తిరుచానూరు_టర్న్స్
మా అమ్మాయి వస్తుంది. పోయినసారిలా ఒకరికి రెండు ల్యాపులు ఎక్కువ వేయదు, అది మా తమ్ముడి కొడుకు పని.

రేణిగుంట_540
ఆదివారం రాత్రి రాస్తున్నాను. ఎనిమిది మందిలో మూడో స్థానం. కాటా యూటర్న్‌లో ఒక్కసారి కూడా తిరగలేదు, 21 ల్యాపులు. కవిత అక్క నన్ను రెండు ల్యాపులు దాటేసింది, మదనపల్లె మోటార్ ఏడో ల్యాపులో పొగ వదిలింది, ఈసారి ఫ్యాన్ వైరు ఊడలేదు, ఫ్యానే ఊడింది. బెంగళూరు ఆయనకు ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. ఆయన కూడా మంచివాడే, కారణం అడిగితే టైరు అతుకు అని చెప్పాను. రెండు నిమిషాలు లైన్లో ఏం మాట్లాడలేదు. తర్వాత "కొంచెం ఆగండి, నా కారు టైర్లు నొక్కి చూసి చెప్తాను" అన్నాడు. ఇంకా ఫోన్ రాలేదు.

చిత్తూరు_చిట్టి
సంగటి, నాటుకోడి ఎప్పుడు?